ఫిల్టర్ నియమంలో సైటు పేరు: ఎక్కడికి వెళ్లే అభ్యర్థన, ఏ పేజీ మీద?

వార్తా సైటులో ప్రకటనలు ఆగాలని ఆ సైటు పేరునే యూబ్లాక్ ఆరిజిన్‌లో (బ్రౌజర్‌లో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్) నియమంగా రాస్తే పేజీ మొత్తం తెరుచుకోవడం మానేసిందని అడిగారు. నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. దరఖాస్తు ఫొటో సైజు తగ్గించుకోవడానికి వచ్చే పిల్లలు ప్రకటనలోని ‘డౌన్‌లోడ్’ బొత్తాన్ని అసలుదనుకొని నొక్కేస్తుంటారు. వాళ్ల కోసమే ఈ నియమాలను పట్టుబట్టి నేర్చుకున్నాను. ఉదాహరణలు తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి.

మీ సైటు ఎగ్జాంపుల్.కామ్ అనుకుందాం. ||ఎగ్జాంపుల్.కామ్^ అంటే ‘ఈ సైటుకు వెళ్లే ప్రతి అభ్యర్థననూ ఆపు’ అని అర్థం. అభ్యర్థన అంటే పేజీనో బొమ్మనో పంపమని బ్రౌజర్ అడగడం. పేజీ కూడా అక్కడి నుంచే రావాలి కదా, అందుకే అదీ ఆగింది. ముందు యూబ్లాక్ లాగర్ (వెళ్లే అభ్యర్థనల జాబితా చూపే కిటికీ) తెరిచి ప్రకటనలు ఏ పేరు నుంచి వస్తున్నాయో చూడండి. అది ఎగ్జాంపుల్.నెట్ అయితే ఇలా రాయండి:

||ఎగ్జాంపుల్.నెట్^$డొమైన్=ఎగ్జాంపుల్.కామ్

డాలర్ గుర్తుకు ముందున్నది అభ్యర్థన చేరే చోటు, తర్వాతిది మీరు చదువుతున్న పేజీ. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కులు తీరినట్టే. పేజీలు ఎక్కువైతే మధ్యలో | పెట్టండి, ఒకదాన్ని మినహాయించాలంటే దాని ముందు ~ పెట్టండి. రెండు చోట్లా సబ్‌డొమైన్లు (సైటు పేరు ముందు చుక్కతో చేరే పేర్లు) వాటంతటవే కలుస్తాయి.

చివరి ^ గుర్తును వదలకండి. అది లేకపోతే ‘.కో’ కోసం రాసిన నియమం ‘.కామ్’ను కూడా పట్టేస్తుంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రెండింటి మొదటి రెండు అక్షరాలూ ఒకటే. ఉంటే పేరు అక్కడితో ముగియాలి. చుక్కను, హైఫన్‌ను అది ముగింపుగా లెక్కించదు.

ప్రభుత్వ సైట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మా దగ్గర రైతులు సాత్‌బారా (భూమి రికార్డు పత్రం) తీసుకునే భూలేఖ్.మహాభూమి.గవ్.ఇన్, డిజిటల్‌సాత్‌బారా.మహాభూమి.గవ్.ఇన్ రెండూ మహాభూమి కిందివి కాబట్టి ఒకే సైటుగా లెక్క. గడ్చిరోలి.గవ్.ఇన్ సంగతి వేరు. ఆ పేజీలోని బొమ్మలు ఎస్3వాస్.గవ్.ఇన్ కింది పేరు నుంచి వస్తాయి. రెండింటి చివరా గవ్.ఇన్ ఉన్నా అవి వేర్వేరు సైట్లే. మొజిల్లా మొదలుపెట్టిన పబ్లిక్ సఫిక్స్ జాబితాలో గవ్.ఇన్ కూడా కో.ఇన్ లాంటి తోకే. దానికి ఎడమవైపున్న మొదటి మాటతోనే సైటు మొదలవుతుంది. అందువల్ల ‘$థర్డ్-పార్టీ’ (పేజీది కాని వేరే సైటుకు వెళ్లే అభ్యర్థనలు) అని గంపగుత్తగా బొమ్మలను ఆపితే జిల్లా పేజీ బోసిపోతుంది. ఇక ||గవ్.ఇన్^ అని రాస్తే సాత్‌బారా కూడా అందదు. అవసరమైన వాళ్లు మళ్లీ బస్సెక్కి రావాల్సి వస్తుంది. దయచేసి అలా రాయకండి.

హోస్ట్స్ ఫైలులో (సైటు పేర్లను కంప్యూటర్‌లోనే ఆపడానికి వాడే జాబితా) ఈ వెసులుబాటు లేదు. అక్కడ రాసిన పేరు ఒక్కటే ఆగుతుంది, దాని సబ్‌డొమైన్లు ఆగవు. డీఎన్ఎస్ (సైటు పేరుకు చిరునామా వెతికే వ్యవస్థ) ద్వారా ఆపే పద్ధతికి మీరు ఏ పేజీలో ఉన్నారో తెలియదు, కాబట్టి ‘డొమైన్=’ అక్కడ పనిచేయదు. ఫోనులో కావాలంటే ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి, ఇవే నియమాలు నడుస్తాయి.

ఇప్పుడు పాత నియమాన్ని తీసేసి కొత్తది పెట్టి, లాగర్ తెరిచి ఉంచి పేజీని మళ్లీ లోడ్ చేయండి. ప్రకటన ఇంకా కనిపిస్తే లాగర్‌లో వచ్చిన పేరు ఇక్కడ రాయండి, నియమం నేను రాసిస్తాను.