పాపకి ‘మొల్ల’ అని పెట్టాలనుకుంటున్న మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పాపకి మొల్ల అని పెడదామని నువ్వు అనుకుంటున్నావనీ, ఆ మాట అనగానే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారనీ మీ నాన్న చెప్పాడు. ‘మునిసిపాలిటీలో జనన మరణాల సీటు చూసినవాడు, పెదనాన్ననే అడుగుదాం’ అన్నావట. ఫోన్లో చెబుదామంటే మీ పెద్దమ్మ మధ్యలో లాక్కుని పాప కబుర్లలో పడిపోతుంది. అందుకని కాగితం పట్టాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పెట్టు. కానీ ఆ రెండక్షరాలే పెట్టు. ముందు గానీ వెనక గానీ ఏదీ అతికించకు.

ముందుగా పేరు సంగతి నువ్వు క్షుణ్ణంగా తెలుసుకో. ‘ఏదో పాతకాలం పేరు, కొత్తగా ఉంటుందని పెట్టాం’ అనే జవాబు చుట్టాలకి సరిపోతుందేమో గానీ, పదేళ్ళొచ్చాక పిల్లే అడుగుతుంది, దానికి సరిపోదు. మొల్ల అంటే మల్లెజాతి పువ్వు. సంస్కృతంలో కుందం అంటారు. పలువరసని మొల్లమొగ్గలతో పోల్చడం మన కవులకి మహా ఇష్టం. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. మన ఆడపిల్లల పేర్లు చాలామటుకు సంస్కృతం నుంచి వచ్చినవే. ఇది మాత్రం దక్షిణాది భాషలు పంచుకున్న ఇంటిమాట.

ఇక పేరుకి వన్నె తెచ్చిన మనిషి ఆతుకూరి మొల్ల. పదహారో శతాబ్దపు తొలిరోజుల మనిషని ఎక్కువమంది పండితుల మాట. ఊరు గోపవరం, కడప జిల్లా బద్వేలు దగ్గరిదంటారు. ఆరు కాండల్లో, దాదాపు 870 పద్యాల్లో రామాయణం చెప్పింది. అంతటి కావ్యాన్నీ ఏ రాజుకీ అంకితమివ్వలేదు. కృష్ణదేవరాయల సభకి వెళ్ళిందనీ తెనాలి రామకృష్ణుడితో మాటకి మాట అప్పజెప్పిందనీ కథలు చెబుతారు. వినడానికి బాగానే ఉంటాయి గానీ కావ్యంలో వాటి ఊసు లేదు, పాపకి చెప్పేటప్పుడు కథలుగానే చెప్పు. అలాగే ‘తొలి తెలుగు కవయిత్రి పేరు పెట్టాం’ అని కార్డులో అచ్చు వేయించబోకు. ఆ మాట అంటే తాళ్ళపాక తిమ్మక్క పేరు ఎత్తేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అన్నమయ్య భార్య, సుభద్రాకల్యాణం రాసింది, మొల్ల కంటే ముందుమనిషి. వాళ్ళ మాటే నిజం.

నువ్వు తప్పకుండా చదవాల్సింది ఆ రామాయణం మొదట్లో ఉండే అవతారిక. నాలుగు పేజీలు కూడా ఉండదు. తాను కేసన కూతురినని, తన పేరు మొల్ల అని, తనకి వ్యాకరణమూ ఛందస్సూ అలంకారాలూ రావని, గోపవరపు శ్రీకంఠమల్లేశుడి వరం వల్లే కవిత్వం అబ్బిందని ఆవిడే చెప్పుకుంది. అక్కడే ఇంకో మాట అంటుంది. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు పద్యం చదవగానే అర్థం తోచాలట. గూఢమైన మాటలు కూర్చి కావ్యం రాస్తే అది మూగవాడికీ చెవిటివాడికీ మధ్య జరిగే ముచ్చటేనట. పేర్ల విషయంలో నాకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకలేదు. పేరు వినగానే తెలియాలి. ఈమధ్య పెట్టే పేర్లకి అర్థం అడిగితే తల్లిదండ్రులు సెల్లు తీసి వెతుకుతున్నారు. పైగా ఒక్కో చోట ఒక్కో అర్థం.

మరి ఇంత మంచి పేరు జనంలోకి ఎందుకు రాలేదంటావా? నేను రిజిస్టర్లలో చూసింది చెబుతాను. మన ఆడవాళ్ళ పేర్లకి మొదట ‘అమ్మ’ ఊడిపోయింది. సుబ్బమ్మ మనవరాలు సుబ్బలక్ష్మి అయింది. ఆవిడ కూతురి దగ్గరికొచ్చేసరికి సుబ్బు మొత్తం జారిపోయి శ్రీలక్ష్మి మిగిలింది. ఆ తర్వాతి తరంలో లక్ష్మి కూడా పోయి, శ్రీ ఒక్కటీ ఏదో కొత్త పేరుకి తోకగా తగులుకుంది. అచ్చమాంబ, వెంగమాంబ లాంటి ‘మాంబ’లూ అలాగే కనుమరుగయ్యాయి. దేవుడి పేరో సినిమా పేరో వెనక ఉన్న పేర్లు రూపం మార్చుకుని బతికాయి. మల్లెనే చూడు. శ్రీశైలం మల్లికార్జునుడు వెనకున్నాడు కాబట్టి మల్లిక, మల్లీశ్వరి, నాగమల్లీశ్వరి ఎంతమందో. మొల్లకి ఆ అండ లేదు. ఉన్నది ఒక్క కవయిత్రి. 1970లో వాణిశ్రీ వేసిన ‘కథానాయిక మొల్ల’ సినిమా వచ్చినా, హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం నిలబెట్టినా పిల్లలకి ఆ పేరు పెట్టుకున్నది తక్కువే. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ పేరు రిజిస్టరులో రాసిన గుర్తు లేదు.

పేరు ఎంత అరుదో నీకు నువ్వే చూసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. అమెరికాలో అయితే ఏటా ఏ పేరు ఎంతమందికి పెట్టారో ప్రభుత్వమే అచ్చువేస్తుంది. మనకి అలాంటి జాబితా లేదు గానీ ఓటర్ల జాబితా ఉంది. మీ పోలింగ్ కేంద్రం జాబితా తెలుగులోనే దొరుకుతుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. వయసు డెబ్భై దాటినవాళ్ళని, ఇరవైల్లో ఉన్నవాళ్ళని విడివిడిగా చూడు. ఒకే వీధిలో రెండు వేర్వేరు ఊళ్ళు ఉన్నట్టనిపిస్తుంది. నాకది మంచి కాలక్షేపం, మీ పెద్దమ్మకి తప్ప అందరికీ తెలుసు.

ఇప్పుడు మొహం చిట్లించినవాళ్ళ సంగతి. వాళ్ళు పైకి ‘మరీ పాతగా ఉంది’ అంటారు. లోపల ఉన్నది వేరు. కుమ్మరి మొల్ల అని జనంలో పేరు కాబట్టి, ఆ కులం పేరు మన ఇంట్లోకి ఎందుకని. ఎవరూ నీతో నేరుగా అనరు, నేను అంటున్నాను. దానికి జంకావంటే ఈ పేరే పెట్టకు. పెట్టావంటే ఆ మాట వచ్చినప్పుడు తలదించుకోకు, అటు పొడిగించి వాదించకు. కావ్యంలో ఆవిడ తనని తాను కేసనసెట్టి తనయ అని చెప్పుకుంది తప్ప కులవృత్తి ప్రస్తావనే తేలేదు. కుమ్మరి అన్నది తరాలుగా జనం చెప్పుకుంటున్న మాట. అదే నిజమనుకున్నా, చక్రం తిప్పే ఇంట్లోంచి రామాయణం వచ్చిందంటే గొప్పా కాదా? ఆ ముక్క మీ అత్తగారికి నువ్వు చెప్పొద్దు, అల్లుడి చేత చెప్పించు.

నక్షత్రం అంటూ పట్టుబట్టేవాళ్ళు ఒకరుంటారు. పుబ్బ నాలుగు పాదాలకీ మో, టా, టీ, టూ అక్షరాలు. పాప పుబ్బ మొదటి పాదంలో పుట్టి ఉంటే అసలు గొడవే లేదు, పురోహితుడే నీ పక్షం. కాకపోయినా నష్టమేం లేదు. జన్మనామం ఒకటి చెవిలో చెప్పి, వ్యవహారనామం వేరే పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది రాతలో. మొల్లలో ల కింద ల ఒత్తు ఉంది. ఆ ఒత్తు ఎగిరిపోతే అది మొల అవుతుంది, నడుం. దానికి బహువచనం చేస్తే రోగం పేరు. బళ్ళో పిల్లలకి ఇది దొరికితే వదలరు. హాజరుపట్టీలో ఒకసారి తప్పు పడిందా, పదో తరగతి దాకా మోయాలి. ఇంగ్లీషులో ఎం, ఓ, రెండు ఎల్‌లు, ఏ. ఒక్క ఎల్ రాసే గుమస్తాలు బోలెడంతమంది. ఆ ఇంగ్లీషు రాత చూసి ఉత్తరాదివాళ్ళు ముల్లా అని చదువుతారు. బెంగాల్లో అది ఇంటిపేరు కూడా. ఇవన్నీ జరుగుతాయని ముందే తెలిసి పెట్టుకుంటే కోపం రాదు. సవరించి పలికించడం పిల్లకి నేర్పు, చిన్న పేరు కాబట్టి రెండోసారికి ఎవరైనా పలుకుతారు.

పేరు పక్కన శ్రీ, సాయి, ప్రియ తగిలించమని సలహాలొస్తాయి, సంఖ్యాశాస్త్రం అంటూ ఇంకో హెచ్ చేర్చమంటారు. వద్దు. మొల్లశ్రీ అన్నావంటే అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. ముద్దుగా పిలుచుకోవడానికి మొల్లీ అనుకుంటారేమో, అది ఇంగ్లీషు దొరసాని పేరు. ఇంట్లో ఎలాగైనా పిలుచుకోండి, కాగితం మీదికి మాత్రం రానివ్వకు.

కాగితం సంగతి నా శాఖ కాబట్టి విను. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఆస్పత్రిలో పుట్టింది కాబట్టి ఆ కబురు వాళ్ళే పంపుతారు. కానీ పేరు అప్పుడే రాయాలని లేదు. ఆ గడి ఖాళీగా వదిలినా నమోదు చెల్లుతుంది. ఏడాదిలోపు పేరు చేర్పించుకుంటే రుసుం లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుం కట్టి చేర్పించుకోవచ్చు. ఇంట్లో తేలకుండానే తొందరపడి ఏదో ఒక పేరు రాయించావనుకో, ఒకసారి ఎక్కిన పేరు మార్చడానికి తిరిగే తిరుగుడు చెప్పనలవి కాదు. పేరులేని పత్రానికి పేరు చేర్చడం దాని ముందు ఏపాటి? ఇంకో సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే అందులో పడ్డ రాతే మిగతా అన్నిచోట్లకీ పాకుతుంది. అల్లుడి ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే కొన్ని దేశాల వీసాల దగ్గర చిక్కొస్తుంది. రెండక్షరాల పేరుకి ఇంటిపేరు తోడుండటం మరీ అవసరం.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మరీ మందంగా పోయకండి. మందంగా ఉంటే ఉంగరంతో రాస్తుంటే గింజలు జారి ఒత్తు పూడుకుపోతుంది, ఫోటోలో మళ్ళీ మొల అనే పడుతుంది. పలచగా పరిచి, ల కింద చోటు వదిలి రాయమను.

దరఖాస్తు ఇచ్చాక ధ్రువపత్రం ముద్రించే ముందు తెరమీద ఒకసారి చూపించమని అడుగు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ చూడు, తల్లి పేరు తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కూడా చూడు. లేదంటే ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి చెబుతాను. ఆదివారం పంపొద్దు, ఆ రోజు కళ్ళజోడు మీ పెద్దమ్మ సీరియళ్ళకి పోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న