రెడ్ స్టాగ్ బదులిస్తోంది కానీ దగ్గరికి రావట్లేదా? గాలి చూసుకోండి

న్యూజిలాండ్ కొండల్లో ఏప్రిల్ రోర్ సమయంలో, అంటే మగ జింకలు జత కోసం అరిచే రోజుల్లో, వేటకు వెళ్లి మీరు అలాగే అరిచి పిలిస్తే స్టాగ్ (మగ ఎర్ర జింక) బదులిస్తూ వచ్చి, వంద మీటర్ల దూరంలో ఆగి, చప్పుడు లేకుండా మాయమైందా? అది మీ వాసన పట్టేసిందండీ. పోటీ మగదాని అరుపు వినగానే అది తిన్నగా రాదు, గాలివాలుకు (గాలి వీచి వెళ్లే వైపుకు) చుట్టు తిరిగి వాసన చూసుకుంటుంది.

తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది, అప్పుడు దానికంటే కింద ఉండండి. వాలు మీద ఎండ పడ్డాక గాలి పైకి మళ్లుతుంది, ఇక పైనుంచి వెళ్లాలి. గాలి అటూఇటూ ఊగే ఆ మధ్య వేళలో కదలొద్దు. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని, గాలి ఎటు వీస్తోందో తరచూ నొక్కి చూడండి.

ఇద్దరుంటే పిలిచేవాళ్లు 40–50 మీటర్లు వెనక, తుపాకీ పట్టినవాళ్లు ముందు, గాలివాలు వైపు ఉండాలి. వెనక్కి మాత్రం ఎప్పుడూ గురిపెట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యం: పబ్లిక్ ల్యాండ్‌లో బదులిచ్చేది మరో వేటగాడూ కావచ్చు. అరుపుకో, రంగుకో, పొద కదలికకో కాల్చకండి. తల, మెడ, భుజం స్పష్టంగా కనబడితేనే ట్రిగ్గర్ మీద వేలు.