సొంతంగా వ్యాసం రాయడం ఎలా అలవాటవుతుంది?

ఇంటర్ దాకా గైడ్‌లు బట్టీపట్టి, డిగ్రీలో సొంతంగా వ్యాసం రాయమంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నానని అడిగారు.

నాకు తెలిసినంతలో అసలు లోటు చదివేవాళ్లు లేకపోవడమే. మార్కులు వేసే లెక్చరర్ తప్ప మన వ్యాసం ఎవరూ చదవరు. అందుకే వారానికొకటి, 300 పదాల్లో, ఇద్దరు స్నేహితుల కోసం రాయండి. అంశం ఎంత చిన్నదైతే అంత మంచిది. "నీటి కాలుష్యం" అంటే పాత వాక్యాలే గుర్తొస్తాయి. "మా చెరువు నిండా గుర్రపు డెక్క ఎందుకు పెరిగింది?" అంటే వెళ్లి చూడాలి, అడగాలి. మురుగునీటిలోని నత్రజని, భాస్వరం ఆ మొక్కకు ఎరువవుతాయని తెలుస్తుంది. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఒక విషయం ఉంటుంది.

చదివినవాళ్లు తప్పులు దిద్దక్కర్లేదు, అర్థం కాని చోట గీత గీస్తే చాలు. మర్నాడు ఆ చోటు తిరగరాయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, నిజానికి రాత బాగుపడేది ఇక్కడే.

టైము పెట్టుకుని రాయడం తర్వాత చూసుకోవచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో 3 గంటల్లో రెండు వ్యాసాలు, 250 మార్కులు, తెలుగులోనూ రాయొచ్చు. ఆ ఆలోచన ఉంటే రెండో ఏడాది నుంచి గడియారం పెట్టుకోండి.