క్వోర్న్ దారిలో పైకప్పు లేని ఆ రాతి ఇళ్లు ఎవరివి?

దక్షిణ ఆస్ట్రేలియాలో క్వోర్న్ నుంచి హాకర్ వెళ్లే దారి పొడవునా మొండిగోడలే ఎందుకున్నాయని అడిగారు. బంగారం అయిపోయి జనం వెళ్లిపోయారని ఇక్కడ ఒకాయన జవాబిచ్చారు. బంగారం గింగారం ఏమీ లేదండీ. అవి గోధుమ రైతుల ఇళ్లు, వానను నమ్మి మునిగారు.

మా నాన్న అనంతపురంలో వేరుశనగ రైతు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ దారిలోనే తీసుకెళ్లాను. విల్లోక్రా మైదానంలో ఒక పాడుబడ్డ ఇంటి దగ్గర కారు ఆపమన్నారు. గోడలు, పొయ్యి గూడు, పొగగొట్టం నిలబడి ఉన్నాయి, పైన ఆకాశం. ఆయన ఇల్లు చూడలేదు. వంగి, బూడిద రంగు పొద ఒకటి ఉంటే ఆకు తుంచి నమిలారు. "ఉప్పగా ఉందిరా. ఎవుడ్రా ఇక్కడ గోధుమ ఏసింది?" అన్నారు.

ఆ పొద పేరు సాల్ట్‌బుష్. 1865లో దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్ (భూముల సర్వే పెద్దాఫీసరు) జార్జ్ గోయ్‌డర్ చూసింది కూడా దాన్నే. అంతకుముందు కరువులో ఈ పక్కనే ఉన్న కన్యాకాలాంటి పెద్ద గొర్రెల ఎస్టేట్లలో మందలకు మందలే చచ్చాయి. కరువు ఎంతదాకా పాకిందో తేల్చమంటే ఆయన గుర్రమెక్కి తిరిగి, సాల్ట్‌బుష్ ఎక్కడ మొదలవుతుందో గమనించి మ్యాపు మీద గీత గీశాడు. ఏడాదికి సుమారు 300 మి.మీ. వాన పడే హద్దు అది. దానికి ఉత్తరాన పైరు పెట్టొద్దన్నాడు. క్వోర్న్ ఆ గీతకు ఉత్తరానే ఉంది. 500 మి.మీ. పైన పడే అనంతపురంలోనే మేము ఏటా దేవుడికి మొక్కుకుంటాం!

తర్వాత వరసగా మంచి వానలు పడ్డాయి. నాగలి వెనకే వాన వస్తుందని అప్పట్లో ఒక నమ్మకం. 1874లో ప్రభుత్వం ఆ గీతను పక్కన పెట్టి గోధుమ రైతులకు భూములు అమ్మింది. 1878లో క్వోర్న్ పుట్టింది, మరుసటేడు పోర్ట్ అగస్టా నుంచి రైలొచ్చింది. 1880 నుంచి మళ్లీ కరువు. చేతనైనవాళ్లు గోడలు వదిలేసి దక్షిణానికి వెళ్లిపోయారు.

చిత్రమేమిటంటే, కన్యాకాను మొదలుపెట్టిన హ్యూ ప్రోబీ 1852లో ఇదే విల్లోక్రా వాగు వరదలో కొట్టుకుపోయాడు. ఆ నేల తీరే అంత, ఇస్తే నీళ్లన్నీ ఒక్కరోజే ఇస్తుంది. ఈ ఫ్లిండర్స్ కొండల్లో వేల ఏళ్లుగా బతికిన అద్న్యమథన జనం ఊటలు, చెలమలు పట్టుకుని తిరిగారే తప్ప మైదానంలో గోధుమ వేయలేదు. వాళ్లనెవరూ అడగలేదు.

క్వోర్న్ మాత్రం రైలు పుణ్యాన నిలబడింది. స్టేషన్ ఎదురుగా వరసగా నాలుగు హోటళ్లు కట్టారంటే ఎంత రద్దీయో ఊహించండి. 1950లలో కొత్త లైను వేరే దారి పట్టాక ఆ రద్దీ కూడా పోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏజెంట్లు "రీజినల్ వీసా, చవక ఇల్లు, ఐదెకరాలు" అని ఊదరగొడుతున్నారు (రీజినల్ వీసా అంటే పెద్ద నగరాలకు బయట ఉండేవాళ్లకిచ్చే వీసా). వీసా సంగతి మీ ఇష్టం. ఎకరాలు కొనేముందు మాత్రం ఆ ఊరు గోయ్‌డర్ గీతకు ఏ పక్కనుందో చూడండి. ఫోటోలు పచ్చగా ఉంటే అవి ఏ నెలలో తీసినవో అడగండి. ఏజెంటు చెప్పడు, ఊళ్లో బార్‌లో కూర్చున్న ముసలాయన చెప్తాడు.