పట్టాలు లేవు, కిరాయికి ఉంటున్నాం: కంపెనీల కాలుష్యం మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, హైదరాబాద్ శివార్లలో పారిశ్రామికవాడ ప్రహరీకీ నాలాకీ మధ్య మా బస్తీ. 140 ఇళ్లు ఉంటాయి. సగానికి పైగా పట్టాల్లేవు, మిగతా వాటిలో కిరాయిదార్లే ఎక్కువ. వాన పడిన రాత్రల్లా నాలాలోకి రంగునీళ్లు వదులుతారు. బోరు నీళ్లు పచ్చబడి మూడేళ్లయింది. ఈ జూన్ రెండో వారం నుంచి నురగ, ఘాటు వాసన, పిల్లల ఒంటిమీద దద్దుర్లు. కాలుష్య నియంత్రణ మండలివాళ్లు ఒకసారి పగటిపూట వచ్చి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లారు. ఒక కంపెనీ రోజూ రెండు ట్యాంకర్లు పంపిస్తామంటూ ‘మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అనే కాగితం మీద సంతకాలు అడుగుతోంది. కేసు వేస్తే మా ఇళ్లే కూలుస్తారని కొందరి భయం. నీళ్లు ఏ కంపెనీ వదులుతోందో కూడా తేల్చి చెప్పలేం. మేమేం చేయాలి?

జవాబు: ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ట్యాంకర్ నీళ్లు తీసుకోండి, తప్పులేదు. కోర్టుకు వెళ్లకూడదని రాయించుకున్నా కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఆ షరతు చెల్లదు. చిక్కు వేరేచోట ఉంది. ‘ఫిర్యాదు లేదు’ అని మీరే రాసిచ్చినట్టు రేపు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో చూపిస్తారు. నీళ్లు ముట్టినట్టు రసీదు అడిగితే తేదీ, ట్యాంకర్ల సంఖ్య మాత్రమే రాసివ్వండి.

ఇక పట్టా సంగతి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో 18వ సెక్షన్ చదివితే మీ సందేహం తీరుతుంది. దెబ్బతిన్న వ్యక్తి ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు. ఆస్తి నష్టానికి పరిహారం అడిగితేనే యజమాని కావాలి. ఆరోగ్యం పాడైనందుకు, తాగునీరు పోయినందుకు, కాలుష్యం ఆపమని అడిగేందుకు కిరాయిదారుకూ పట్టా లేనివారికీ పూర్తి అర్హత ఉంది. కాలుష్యం లేని గాలి, నీరు రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది.

మీరు నిజంగా కంగారు పడాల్సింది తేదీ గురించి. కాలుష్యం ఆపమని 14వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు గడువు, కారణం ‘మొదటిసారి’ తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇస్తారు, ఆపైన ఒక్క రోజు కూడా కలపరు. పరిహారం, నష్టం పూడ్చడం కోసం 15వ సెక్షన్ కింద అయితే ఐదేళ్లు, దానిమీద 60 రోజులు. బస్తీల నుంచి వచ్చే అర్జీల్లో మొదటి వాక్యమే ‘గత పదేళ్లుగా బాధపడుతున్నాం’ అని ఉంటుంది. బాధ నిజమే, కానీ 14వ సెక్షన్ కేసును ఆ వాక్యమే ముంచుతుంది. ఎదుటి లాయరు ఇంకేమీ వాదించనక్కర్లేదు. పాత సంగతి దాచమనడం లేదు. మూడేళ్ల నుంచి రంగు మారిందని ఒక పేరాలో రాసి, జూన్ రెండో వారంలో నురగ, వాసన, దద్దుర్లు కొత్తగా మొదలయ్యాయని, ఫలానా తేదీ రాత్రి విడుదల చూశామని విడిగా రాయండి. విడుదల జరిగిన ప్రతిసారీ కొత్త కారణం పుడుతుందనే వాదనకు బలం ఉంది. బెంగళూరు చెరువుల పక్క నిర్మాణాల మీద ఫార్వర్డ్ ఫౌండేషన్ కేసులో 2015లో ట్రిబ్యునల్, ఆగకుండా కొనసాగే కారణాన్నీ మళ్లీ మళ్లీ తలెత్తే కారణాన్నీ వేరు చేసి చూసింది. అయినా దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మీ లెక్కలో గడువు డిసెంబర్ రెండో వారం.

ఈలోగా నీటి పరీక్ష చేయించాలి. ఎక్కువ కేసులు పాడయ్యేది ఇక్కడే. తాగేసిన కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి, రెండు రోజుల తర్వాత ల్యాబ్‌లో ఇస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఫోన్ చేసి, వాళ్ల మనిషినే వచ్చి నమూనా తీసుకోమనండి. బోరు 5 నుంచి 10 నిమిషాలు వదిలేశాక పట్టాలి. మామూలు పరీక్షలకు రెండు లీటర్లు సరిపోతాయి. లోహాల కోసం పట్టిన సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేస్తారు. ద్రావకాల (ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్ల) కోసమైతే చిన్న గాజు సీసాను గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపాలి, లేకపోతే ఉన్న రసాయనం ఆవిరైపోయి రిపోర్టులో ‘లేదు’ అని వస్తుంది. సీసాలు ఐస్‌పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి.

ఏం పరీక్షించమనాలో మీరే చెప్పండి. చాలామంది టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఒక్కటే చేయించి, 500 దాటింది చూడండి అంటారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు. వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. పైగా హైదరాబాద్ రాతినేలలో ఏ పారిశ్రామికవాడా దగ్గర్లో లేని బోరులో కూడా 500 దాటడం మామూలే. కంపెనీ తరఫున వచ్చే మొదటి సమాధానం అదే. కాబట్టి టీడీఎస్, పీహెచ్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్‌లతోపాటు సీఓడీ (నీటిలోని వ్యర్థాలు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే కొలత), భారలోహాలు, ఆవిరయ్యే ద్రావకాలు తప్పక రాయించండి. ద్రావకాలు మన రాళ్లలోంచి ఊరవు. నాలాకు ఎగువన, పారిశ్రామికవాడకు దూరంగా ఉన్న ఒక బోరు నుంచి కూడా అదే రోజు నమూనా తీయించండి. ఆ పోలిక లేకపోతే రిపోర్టులోని అంకెలకు సగం విలువే. ఖర్చు అందరూ పంచుకుని, బిల్లు మాత్రం దరఖాస్తు వేసే వారిలో ఒకరి పేరు మీద తీసుకోండి. మరో మాట: ఈ నీళ్లు కాచి తాగుతున్న ఇళ్లుంటే మాన్పించండి. కాచితే క్రిములు చస్తాయి గానీ లోహాలు, లవణాలు పోవు, ఇంకా చిక్కబడతాయి.

ఒక నోటుబుక్కు పెట్టండి. వాసన వచ్చిన తేదీ, గంట, ఎంతసేపు ఉంది, గాలి ఎటు నుంచి, నాలాలో నీళ్ల రంగు, ఆ రోజు వాన పడిందా. ఇద్దరు సంతకం చేయాలి. తేదీ, స్థలం ఫొటో మీదే పడే కెమెరా యాప్‌తో వీడియోలు తీయండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాదు, తీసిన ఫోన్‌లోనే అసలు ఫైలు ఉంచండి. బస్తీ దవాఖానాలో ఓపీ చీటీ పారేయకండి. ‘కాలుష్యం వల్లే’ అని డాక్టర్ రాయరు, రాయించాలని పట్టుబట్టకండి. ఒకే నాలా పక్క ఇరవై ఇళ్ల పిల్లలకు ఒకే నెలలో ఒకే చర్మవ్యాధి అని చీటీలు చూపిస్తే చాలు.

ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్‌కు రాతపూర్వక ఫిర్యాదు, సనత్‌నగర్‌లోని మెంబర్ సెక్రటరీకి ప్రతి. చేతికిచ్చి ముద్ర వేయించుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రుజువు దాచండి. ‘రాత్రి 11 తర్వాత, వాన పడిన రోజున, ముందు చెప్పకుండా, నాలాలో ఫలానా కల్వర్టు దగ్గర, ఫలానా బోరులో నమూనా తీయాలి’ అని స్పష్టంగా అడగండి. పగలు తనిఖీకి రాత్రి విడుదల ఎలా దొరుకుతుంది? భూగర్భజలం మా పరిధి కాదంటే జలచట్టం, 1974లోని 2(జె) సెక్షన్ చూపించండి. ‘ప్రవాహం’ అనే మాటలో భూమి లోపలి నీరు కూడా ఉంది, దాన్ని పాడుచేయడం 24వ సెక్షన్ ఉల్లంఘనే.

అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. నాలాను ఆనుకుని ఉన్న కంపెనీల జాబితా, ఒక్కోదాని సీఎఫ్‌ఓ (కంపెనీ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) షరతులు, మూడేళ్ల తనిఖీ నివేదికలు, నమూనా ఫలితాలు, షోకాజ్ నోటీసులు, మూసివేత ఉత్తర్వులు, వాటిని ఎత్తేసిన ఉత్తర్వులు అడగండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. సీఎఫ్‌ఓలో ‘వ్యర్థజలం బయటికి వదలరాదు’ అనే షరతు ఉంటే మీ పని సగమైనట్టే, అప్పుడు ఒక్క విడుదల వీడియోకు కూడా విలువ ఉంటుంది.

ఆర్టీఐ జవాబు రాలేదని గడువు పోగొట్టుకోకండి. తెలుగు రాష్ట్రాల కేసులు వినేది చెన్నైలోని దక్షిణ బెంచి. ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరు కావొచ్చు. పరిహారం అడగకపోతే ఫీజు 1000 రూపాయలు. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, తక్కువలో తక్కువ 1000. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఈ పనికి వారం పైనే పడుతుంది, చివరిదాకా ఆగొద్దు. ఒక దరఖాస్తుకు ఒకే కారణం. చెత్త తగలబెట్టడం, దోమలు, రోడ్డు గుంతలు ఇందులో కలిపితే విడగొట్టి తెమ్మంటారు. చెత్త మంటల్లాంటి వాటికి ఆర్డీఓ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 133) కింద అర్జీ చాలు. ఆ పాత సెక్షన్ కిందే, డబ్బుల్లేవన్న రత్లాం మున్సిపాలిటీ సాకును సుప్రీంకోర్టు 1980లో తోసిపుచ్చింది.

ఏ కంపెనీయో తెలియకపోవడం అడ్డంకి కాదు. నష్టం ఒక్కరి వల్లే అని తేల్చలేనప్పుడు బాధ్యులందరికీ బాధ్యత పంచవచ్చని హరిత ట్రిబ్యునల్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం జరిగిన కేసుల్లో తప్పు నిరూపణ కాకపోయినా బాధ్యత తప్పదని కూడా అందులోనే ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల రక్షణ గురించి ఎం.వి.నాయుడు కేసులో (1999) సుప్రీంకోర్టు, తనవల్ల హాని లేదని చూపించాల్సిన భారం పరిశ్రమదేనని చెప్పింది. అది మనగడ్డ కేసే, తప్పక ఉదహరించండి. ప్రతివాదులుగా రాష్ట్ర, కేంద్ర కాలుష్య మండళ్లు, కలెక్టర్, పారిశ్రామికవాడ నిర్వహణ చూసే టీజీఐఐసీ, మున్సిపల్ కార్పొరేషన్, జలమండలి, ఆర్టీఐలో పేర్లు తేలిన కంపెనీలు ఉండాలి. ట్రిబ్యునల్ ఇలాంటి కేసుల్లో సాధారణంగా ఉమ్మడి కమిటీని వేసి నివేదిక అడుగుతుంది. మీ ల్యాబ్ రిపోర్టు ‘చట్టబద్ధ నమూనా’ కాదని కంపెనీ అంటుంది. సాక్ష్యచట్టం నిబంధనలకు ట్రిబ్యునల్ కట్టుబడనక్కర్లేదని అదే చట్టం 19వ సెక్షన్‌లో ఉంది, పైగా మీ రిపోర్టు పని కమిటీ వేయించడం వరకే. కమిటీ రాత్రిపూట, ముందు చెప్పకుండా నమూనాలు తీయాలని మీ ప్రార్థనలోనే (దరఖాస్తులో ఏం కావాలో కోరే భాగంలో) రాయండి. నివేదిక రాగానే అభ్యంతరాలు వేయండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే పోతుంది.

ఇళ్ల భయం ఉత్తిది కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తెలంగాణలో 10 మీటర్ల వెడల్పు లోపు నాలాకు రెండు మీటర్లు, అంతకంటే పెద్దదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా (2012 నాటి జీవో 168). ‘నాలాను పునరుద్ధరించాలి’ అని మీరే అడిగితే, కమిటీ ముందుగా రాసేది మీ ఇళ్ల ఆక్రమణ గురించే. అందుకే ఆ మాట దరఖాస్తులో రానివ్వకండి. పరిహారం కాక అడగాల్సింది మూడే: వ్యర్థజలం విడుదల ఆపడం, బోర్లను శుద్ధిచేసే ఖర్చు బాధ్యులనుంచి రాబట్టడం, అందాకా మంచినీళ్లు. ప్రభుత్వ భూమిలో ఉన్నా 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం నోటీసివ్వకుండా ఖాళీ చేయించలేరు. నోటీసొస్తే అదేరోజు లాయర్‌ను కలవండి. బఫర్ ఎన్ని ఇళ్లకు తగులుతుందో కేసుకు ముందే టేపు పెట్టి కొలిచి, ఆ ఇళ్లవాళ్లకు చెప్పి, వాళ్ల సమ్మతితోనే ముందుకెళ్లండి.

మంచినీళ్ల కోసం తీర్పుదాకా ఆగక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం పల్లెల కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి, హైకోర్టు మీదుగా ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో గానీ తీర్పు రాలేదు. మధ్యలో వచ్చిన ఆదేశాలతోనే అక్కడి ఊళ్లకు తాగునీళ్లు అందాయి. మీరూ మధ్యంతర ఉత్తర్వు అడగండి. జలమండలికి నల్లా కనెక్షన్ల అర్జీ విడిగా పెట్టండి. పట్టా లేదని తిప్పి పంపితే ఆ మాట రాతలో ఇమ్మనండి, హైకోర్టులో రిట్‌కు అదే ఆధారం. అనధికార బస్తీలకు కూడా నీళ్లివ్వాలని బాంబే హైకోర్టు 2014లో పానీ హక్ సమితి కేసులో చెప్పింది. అది మన హైకోర్టుకు శిరోధార్యం కాదు గానీ వాదనకు బాగా పనికొస్తుంది. ట్రిబ్యునల్ ఉన్నంత మాత్రాన రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు అధికారం పోదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

యజమానిని జైల్లో పెట్టించాలన్న కోరిక మాత్రం పక్కన పెట్టండి. జన్ విశ్వాస్ సవరణ తర్వాత, 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ, వాయు చట్టాల కింద చాలా ఉల్లంఘనలకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానానే. అది కూడా మీకు రాదు. మీకు వచ్చేది 15వ సెక్షన్ పరిహారమే.

లాయర్ ఖర్చు గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అందుకని దరఖాస్తుదారులుగా బస్తీ నుంచి నలుగురైదుగురిని పెట్టండి, వాళ్లలో ఇద్దరు ముగ్గురు తల్లులు ఉండాలి. 15100కు ఫోన్ చేసి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు నోటుబుక్కు, ల్యాబ్ రిపోర్టు, ఓపీ చీటీలు, ఆధార్, ఫిర్యాదు ముద్ర ఉన్న ప్రతి తీసుకుని అక్టోబర్ ముగిసేలోపు వెళ్లండి.