నిచ్చెన ఛాంపియన్ అయ్యాడా, అయిందా?

సందేహం: జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అక్కడ డీడీటీ అనే ఇండీ (పెద్ద సంస్థలకు బయట నడిచే చిన్న) సంస్థకు ఐరన్‌మ్యాన్ హెవీమెటల్‌వెయిట్ అనే టైటిల్ ఉంది. మనుషులతో పాటు నిచ్చెన, కోతి, బొమ్మ కూడా దాన్ని గెలిచిన దాఖలాలున్నాయి. "ఈ స్వతంత్ర కుస్తీ బిరుదును ఇప్పటివరకు వెయ్యిమందికి పైగా ఛాంపియన్లు గెలుచుకున్నారు, వారిలో ఒకడు నిచ్చెన" అని రాశాను. చదివిన స్నేహితురాలు పగలబడి నవ్వింది. తప్పు ఎక్కడుంది?

సమాధానం: మీ వాక్యంలో సర్దాల్సినవి నాలుగైదు ఉన్నాయి. మీ స్నేహితురాలు నవ్వింది మాత్రం చివరి మాటకే అయ్యుంటుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

తెలుగులో క్రియ పదవిని చూడదు, ఆ పదవిలో ఉన్నది ఎవరో, ఏమిటో చూస్తుంది. ఛాంపియన్ అనేది హోదా, ఆ మాటకు సొంతంగా లింగం లేదు. మగవాడైతే ఛాంపియన్ అయ్యాడు, ఆడమనిషైతే అయింది, నిచ్చెనైనా అయింది. ఏకవచనంలో మన భాష ఆడవాళ్లకూ వస్తువులకూ ఒకే క్రియ వాడుతుంది. ఈ టైటిల్‌ను ఆడవాళ్లు కూడా గెలిచారు కాబట్టి "కొత్త ఛాంపియన్ అయింది" అని వదిలేస్తే పాఠకుడికి మనిషా వస్తువా తెలియదు. కర్తను పేరు పెట్టి చెప్పండి, తర్వాతి వాక్యంలో "ఆమె" అనో "అది" అనో తేల్చండి. బహువచనంలో ఆ ఇబ్బంది లేదు, ఆడవాళ్లు అయ్యారు, నిచ్చెనలు అయ్యాయి.

మనుషులూ వస్తువులూ కలిసి ఉంటే ఏం చేయాలి? మహాప్రస్థానం కథ చెప్పేటప్పుడు పాండవులు, ద్రౌపది, వాళ్ల వెంట ఒక కుక్క "బయలుదేరారు" అనే అంటాం, బయలుదేరాయి అనం. మనుషులున్న జాబితాలో మనుషుల క్రియే నెగ్గుతుంది. కాబట్టి "మల్లయోధులు, ఒక కోతి, ఒక నిచ్చెన ఈ టైటిల్ గెలిచారు" అని రాస్తే తప్పు లేదు. కానీ ఆ గుంపులోంచి ఒక్కదాన్ని విడదీసి మాట్లాడేటప్పుడు దాని సహజ రూపం తిరిగి రావాలి. "వారిలో ఒకడు నిచ్చెన" అన్నప్పుడు తెలుగు చెవికి ఎబ్బెట్టుగా తోచేది అందుకే. "వాటిలో ఒకటి" అన్నా కుదరదు, అప్పుడు మనుషులు వస్తువులైపోతారు. "ఆ జాబితాలో ఒక నిచ్చెన కూడా ఉంది" అంటే గొడవ లేదు.

బొమ్మ సంగతి కొంచెం వేరు. యోషిహికో అనేది గాలి నింపే బొమ్మ, దానికి మగపేరు పెట్టి డీడీటీ రింగులో మల్లయోధుడిగా దించారు, అవతలివాళ్లు దానితో నిజంగానే కుస్తీ పడుతున్నట్టు ఒళ్లు హూనం చేసుకుంటారు. అతని మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు "యోషిహికో గెలిచాడు" అనడమే సరి. మనకిది కొత్త కాదు. మామూలుగా నక్క వచ్చింది, కుందేలు పారిపోయింది అంటాం, నక్కబావ అనగానే "వచ్చాడు" అయిపోతుంది. చందమామకూ అంతే. మనిషి పేరో వరసో తగిలించి పాత్రను చేశాక క్రియ ఆ పాత్ర వెంట నడుస్తుంది. నిచ్చెనకు అక్కడ అలాంటి పేరూ పాత్రా లేవు, వట్టి నిచ్చెనే. అందుకే "అయింది".

ఇక "వెయ్యిమంది". మంది అనే మాట మనుషులకే వాడతాం, వెయ్యిమంది నిచ్చెనలు అనం. దానికి మించి ఇక్కడ లెక్కే తప్పింది, ఎందుకు తప్పిందో తెలియాలంటే ఈ టైటిల్ చరిత్ర కొంచెం చూడాలి. అమెరికాలో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థకు హార్డ్‌కోర్ టైటిల్ ఉండేది, 2000 మొదట్లో క్రాష్ హోలీ దాన్ని గెలిచి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఎక్కడైనా తనతో తలపడవచ్చని ప్రకటించాడు, రెఫరీ ఒకడు పక్కనుంటే చాలు. 1997లో పుట్టిన చిన్న సంస్థ డీడీటీ 2000 జూన్‌లో ఆ నియమాన్ని అందుకుని ఐరన్‌మ్యాన్ హెవీమెటల్‌వెయిట్‌ను మొదలుపెట్టింది. హెవీవెయిట్ మధ్యలో మెటల్‌ను దూర్చిన ఆ పేరులోనే వాళ్ల కొంటెతనం ఉంది. మొదటి ఛాంపియన్ పాయిజన్ సవాదా బ్లాక్. అమెరికా టైటిల్‌ను 2002లో ఎత్తేశారు, జపాన్‌ది మాత్రం దాన్ని దాటి ఎక్కడికో పోయింది. ఎవరైనా, ఏదైనా గెలవవచ్చు అన్నారు, అన్నమాట మీద నిలబడ్డారు. చివరకు హాలీవుడ్ కాలిబాట మీద, ఆ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను నడిపిన విన్స్ మెక్‌మాన్ పేరున్న నక్షత్రం కూడా ఛాంపియన్ అయింది.

ఛాంపియన్ భుజాలు నేలకు ఆని ఉండగా రెఫరీ మూడు లెక్కపెడితే టైటిల్ మారిపోతుంది కాబట్టి ఒకే రాత్రి అది చాలాసార్లు మారిన సందర్భాలున్నాయి, ఒకే మనిషి మళ్లీ మళ్లీ గెలిచిన సందర్భాలైతే కొల్లలు. వెయ్యి దాటింది గెలుపులే గాని గెలిచినవాళ్లు కాదు. "వెయ్యికి పైగా సార్లు చేతులు మారింది" అని రాయండి. నిచ్చెనకు చేతులెక్కడివి అని మీ స్నేహితురాలు అడిగితే, అది జాతీయం, దానికి చేతులతో పనిలేదని చెప్పండి. "నిచ్చెన చేతిలో ఓడిపోయాడు" అన్నా అంతే, నిక్షేపంగా రాయవచ్చు.

బిరుదు అనే మాట నాకు బొత్తిగా నచ్చలేదు. టైటిల్‌కు నిఘంటువులో ఆ అర్థం కనిపిస్తుంది, నిజమే. కానీ మన వాడుకలో బిరుదు ఇచ్చేది, పుచ్చుకునేది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు గారిని కలియుగ భీముడన్నారు, ఆయన పోయి ఎనభై ఏళ్లు దాటినా ఆ బిరుదు ఆయనదే. ఇంకెవరో ఆయన్ని పడగొట్టి ఎత్తుకుపోయేది కాదది. టైటిల్ అలా కాదు, నిన్న ఒకరిది, ఇవాళ ఇంకొకరిది. తెలుగు పత్రికల క్రీడా పేజీలు ఎన్నో ఏళ్లుగా టైటిల్ అనే రాస్తున్నాయి, ఆ అలవాటును చెడగొట్టాల్సిన అవసరం ఏమీ లేదు. దాంతో వచ్చే క్రియలు కూడా స్థిరపడ్డాయి: గెలుచుకున్నాడు, నిలబెట్టుకున్నాడు, కోల్పోయాడు. "టైటిల్‌ను రక్షించాడు" అని ఈమధ్య కొందరు రాస్తున్నారు, అది ఇంగ్లీషు మాటకు మక్కికి మక్కి. నిలబెట్టుకున్నాడు అన్న చక్కటి మాట ఉండగా అదెందుకు?

టైటిల్‌కు బదులు బెల్టు అంటే సరిపోదా అని మీరు అడగలేదు గాని, అడగాల్సిన ప్రశ్న అది. మామూలు సందర్భాల్లో సరిపోతుంది, "బెల్టు గెలిచాడు" అంటే అందరికీ తెలుస్తుంది. కానీ ఈ చరిత్రలో ఒకసారి ఆ బెల్టే ఛాంపియన్ అయింది! నడుముకు కట్టుకునే ఆ పటకానే విజేతగా ప్రకటించారు. అప్పుడు "బెల్టు బెల్టును గెలిచింది" అని రాస్తే ఎవరికీ ఏమీ బోధపడదు, "బెల్టే టైటిల్ గెలిచింది" అంటే ఇట్టే తెలుస్తుంది. రెండు మాటలూ దగ్గర పెట్టుకోండి, ఒకటి వస్తువుకు, ఇంకొకటి హోదాకు.

స్వతంత్ర అన్న మాట చూడగానే మనకు ఎన్నికల్లో ఏ పార్టీకీ చెందని అభ్యర్థి గుర్తొస్తాడు. జపాన్ ఇండీలు అలాంటివి కావు. అక్కడ ఇనోకి, బాబా అనే ఇద్దరు రెజ్లర్లు 1972లో చెరొక పెద్ద సంస్థ పెట్టారు, న్యూ జపాన్, ఆల్ జపాన్. వాటికి బయట, తక్కువ డబ్బుతో నడిచే చిన్న సంస్థల్ని జపాన్‌లోనూ ఇండీ అనే పిలుస్తారు. 1989లో ఓనితా అత్సుషి పెట్టిన ఎఫ్ఎండబ్ల్యూ, ముళ్లకంచెలూ పేలుళ్లతో పోటీలు పెట్టి జనాన్ని రప్పించింది, ఆ దారిలో ఇంకెన్నో సంస్థలు వచ్చాయి. ఒక్కొక్కదానికీ యజమాని, జట్టు, టైటిళ్లు అన్నీ ఉంటాయి. అందుకని ఇండీ అని ఉంచి, మొదటిసారి వచ్చినచోట "పెద్ద సంస్థలకు బయటి చిన్న సంస్థ" అని ఒక్క ముక్క కలపండి. ఒక జాగ్రత్త: డీడీటీని 2017లో సైబర్‌ఏజెంట్ అనే పెద్ద కంపెనీ కొన్నది, కాబట్టి ఆ తర్వాతి కాలం గురించి రాసేటప్పుడు తక్కువ డబ్బు అన్న మాట తీసేయండి.

కుస్తీకి బదులు రెజ్లింగ్ అనండి. గోదాలో పట్టే కుస్తీ పోటీ, ఇది ముందే ఫలితం అనుకుని చేసే ప్రదర్శన. అక్కడ పిన్ చేయడానికి మాత్రం మన గోదా మాట "చిత్తు" అర్థం ప్రకారం అతుకుతుంది, రెండు చోట్లా భుజాలు నేలకు ఆనించడమే. అయినా "నిచ్చెన అతణ్ణి చిత్తు చేసింది" అంటే ఇవాళ్టి పాఠకుడు చిత్తుచిత్తుగా కొట్టిందనుకుంటాడు. మీద పడింది, రెఫరీ మూడు లెక్కపెట్టాడు అని జరిగింది జరిగినట్టు చెప్పండి.

పేర్ల విషయం మీ వాక్యంలో లేదు, వ్యాసంలో వస్తుంది. జపాన్‌వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, తకాగి సన్షిరో అనే రాయండి, ఆయన డీడీటీ స్థాపకుల్లో ఒకరు. వాళ్లది ట కాదు, త. ఇంగ్లీషు అక్షరాల మీదుగా వచ్చి టొయోటా స్థిరపడిపోయింది, దాన్నిప్పుడు మార్చలేం గాని, కొత్తగా తెలుగులోకి వస్తున్న ఓనితా, తకాగి, సవాదా లాంటి పేర్లనైనా అవి పలికే తీరులోనే తెచ్చుకుందాం.

మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: "డీడీటీ అనే ఇండీ రెజ్లింగ్ సంస్థకు చెందిన ఈ టైటిల్ 2000 నుంచి వెయ్యికి పైగా సార్లు చేతులు మారింది, గెలిచినవారి జాబితాలో ఒక నిచ్చెన కూడా ఉంది."