వాన పడితే టీవీ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అత్తయ్యగారి పాత డబ్బా టీవీకి యాంటెన్నాతో దూరదర్శన్ రావడం మానేసింది. డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం. వాన మొదలైతే చాలు, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోతోంది. ఇదివరకు చుక్కలు పడ్డా ఏదో ఒకటి కనిపించేది. టీవీ పాడైందా? కొత్తది కొనాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొనకండమ్మా, మీ టీవీ బాగానే ఉంది. యాంటెన్నాకి రాకపోవడానికి కారణం, పంపడమే ఆపేశారు. దేశంలో ఓ 50 చోట్ల తప్ప దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 కల్లా మూసేశారు.

ఇక వాన సంగతి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మసకబారేది, ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరుస్తుంటే మళ్లీ దారికొచ్చేది. మీ ఫ్రీ డిష్ డిజిటల్, ఇందులో సిగ్నల్ కాస్త తగ్గినా బాక్సు తనే సర్దుకుని శుభ్రంగా చూపిస్తుంది, కానీ ఆ హద్దు దాటిందంటే ఇక ఏమీ ఉండదు. డిష్‌కి వచ్చే తరంగాలని వాన చినుకులు పీల్చేస్తాయి కాబట్టి జోరువానలో కాసేపు పోవడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

చిన్న తుంపరకే పోతోందంటే మాత్రం డిష్ దగ్గర చూడాలి. డిష్‌కి సిగ్నల్ పంపే ఉపగ్రహం మన వైపు నుంచి ఆగ్నేయంగా ఉంటుంది, అటు కొబ్బరి మట్ట ఒక్కటి వాలినా సిగ్నల్ తగ్గుతుంది, తడిసిన మట్టయితే మరీను. బాక్సు స్విచ్ ఆపేసి, డిష్ దగ్గర వైరు చివరి పిన్ను విప్పించి చూడండి. మన సముద్రపు గాలికి లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టేస్తుంది, ఆ ముక్క కత్తిరించి కొత్త పిన్ను వేయిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అత్తయ్యగారికి అసలు ఇబ్బంది రెండు రిమోట్లతో అనుకుంటాను. టీవీ రిమోట్‌లో, బాక్సు బొమ్మ తెప్పించే ఏవీ (AV) బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, ఛానెళ్లు మార్చడం బాక్సు రిమోట్‌తోనే అని ఓపిగ్గా రెండు మూడు సార్లు చూపించండి. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడి చూడటమే మానేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది.

తుపాను రోజుల్లో డిష్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. గాలివాన ముదిరి, హెచ్చరికలు వినాల్సిన వేళకే అది పోతుంది. 1996 నవంబర్ తుపాను చూసిన కోనసీమ మనది. బ్యాటరీ రేడియో ఒకటి, కొత్త సెల్స్‌తో సహా, ఇంట్లో పెట్టుకోండి.